పచ్చీస్ మాది, లెక్క వాళ్ళది

కోరుట్లలో మా ఖాలా ఒడిలో ఎప్పుడూ చాట ఉంటుంది. చాటలో తునికాకు, తంబాకు, దారం. ఎదురుగా పాత డాల్డా డబ్బాకు ఆనించి పెట్టిన సెల్‌ఫోన్. చేతులు బీడీలు చుడుతూనే ఉంటాయి. తన వంతు వచ్చినప్పుడు మాత్రం తంబాకు అంటని చిటికెన వేలితో తెరను తాకుతుంది. పాచిక దొర్లుతుంది. ఆరు పడితే నవ్వుతుంది. మళ్ళీ ఆకు, మళ్ళీ దారం.

ఆమె ఆడేది లూడో. ఫోన్లో ఆ బోర్డును మొదటిసారి చూసిన రోజు ఖాలా అన్న మాట నాకింకా గుర్తుంది. "ఏ తో పచ్చీస్‌చ్ హై రే! అమ్మీ కౌడ్యాఁ లేకో ఖేల్తీ థీ." ఇది మన పచ్చీసే కదరా, మా అమ్మ గవ్వలతో ఆడేది అని. ఖాలా బడికి పోలేదు. అయినా ఒక ఆట పుట్టుపూర్వోత్తరాలను ఒక్క మాటలో తేల్చేసింది.

తెలుగు కథల్లో మేమెక్కడున్నామని అడిగాం. సినిమాల్లో మమ్మల్నెందుకట్లా చూపిస్తున్నారని అడిగాం. పాఠ్యపుస్తకాల్లో మా పేర్లేవని అడిగాం. ఆ అడగడంలోంచే మా సాహిత్యం పుట్టింది. కానీ ఇవాళ మా ఇళ్ళలో పుస్తకం కన్నా, సినిమా కన్నా ఎక్కువసేపు తెరిచి ఉండేది ఫోన్లోని ఆట. దాన్ని మాత్రం ఎవరూ విమర్శకు తగిన వస్తువుగా చూడరు. పిల్లల అల్లరనీ, ఆడవాళ్ళ కాలక్షేపమనీ కొట్టిపారేస్తారు. కంపెనీలవాళ్ళు కూడా వీటిని 'క్యాజువల్ గేమ్స్' అనే అంటారు. అంటే నేర్చుకోవడానికి శ్రమ అక్కర్లేనివి, రెండు నిమిషాలు దొరికితే ఆడి పక్కన పెట్టగలిగేవి. కాలక్షేపమే అనుకుందాం. ఆ కాలం ఎవరిది? దాన్ని క్షేపిస్తున్నదెవరు? క్షేపించిన కాలాన్ని అమ్ముకుంటున్నదెవరు? ఈ మూడు ప్రశ్నలు వేయకుండా ఆ ఆటల గురించి మాట్లాడలేం.

పచ్చీస్ అంటే ఇరవై అయిదు. ఆరు గవ్వలు వేస్తే పడే పెద్ద పందెం అది. ఫతేపూర్ సిక్రీలో అక్బర్ కోట వాకిట్లో రాళ్ళతో పరిచిన పచ్చీసు పటం ఇప్పటికీ ఉంది. అట్లాగని ఇది ముస్లింల సొత్తని నేననడం లేదు. మా గోడకవతల పద్మశాలి ఇంట్లో అష్టాచెమ్మా ఆడేవాళ్ళు. చింతగింజలు వాళ్ళవి, గవ్వలు మావి. గీసిన గడులు ఒక్క తీరే. ఇంగ్లండులో ఈ ఆటకు గవ్వలు తీసేసి, పాచిక పెట్టి, 1896లో పేటెంటు తీసుకున్నారు. లూడో అని పేరు పెట్టారు. అది లాటిన్ మాట. 'నేను ఆడుతున్నాను' అని దానర్థం. ఎవరా నేను? గవ్వలు వేసిన మా నానీ అందులో లేదు, చింతగింజలు అరగదీసిన పద్మశాలి అవ్వ లేదు.

మన గురించి మనం కూడా నిజం మాట్లాడుకోవాలి. నవాబుల శత్రంజ్ మీద ప్రేమ్‌చంద్ కథ రాశాడు. దాన్ని సత్యజిత్ రే 1977లో సినిమా తీశాడు. శత్రంజ్ మగవాళ్ళది, దివాన్‌ఖానాలది. పచ్చీస్ లోపలి వాకిట్లో ఆడవాళ్ళది. ముస్లిం జీవితం అనగానే అత్తరు, షేర్వానీ, శత్రంజ్ అని రాసుకున్న మన పెద్దలకు, బీడీల చాట పక్కన సుద్దముక్కతో గీసిన పచ్చీసు ఎన్నడూ కంటికి ఆనలేదు. బయటివాళ్ళు మనల్ని చూడలేదని నిలదీసే ముందు, మనం మన ఆడవాళ్ళను చూశామా అని కూడా అడుక్కోవాలి.

2016లో నవీ ముంబయికి చెందిన గేమెటియన్ అనే కంపెనీ 'లూడో కింగ్' తెచ్చింది. దాన్ని తయారుచేయించిన వికాశ్ జైస్వాల్ పాట్నా నుంచి వచ్చినవాడు. అదే ఏడాది సెప్టెంబరులో జియో వచ్చింది. అంతకుముందు జగిత్యాల బస్టాండు దగ్గరి దుకాణాల్లో, సిరిసిల్ల గాంధీచౌక్ దుకాణాల్లో ఇరవయ్యో ముప్ఫయ్యో ఇస్తే మెమొరీ కార్డులో పాటలు, ఆటలు కలిపి ఎక్కించేవాళ్ళు. ఆట ఎవరు చేశారో ఎక్కించేవాడికీ తెలియదు, ఎక్కించుకునేవాడికీ తెలియదు. నెట్టు చవకయ్యాక దుకాణం అవసరం తీరిపోయింది. పది కోట్ల డౌన్‌లోడ్లు దాటిన మొదటి భారతీయ ఆటగా లూడో కింగ్ పేరు తెచ్చుకుంది. పట్టణంలోనైనా పల్లెలోనైనా ఎవరికీ నేర్పాల్సిన పని లేకపోయింది. నేర్పే పని మన అమ్మమ్మలూ నానీలూ ఎప్పుడో చేసిపెట్టారు.

ఈ ఆటలు ఎట్లా తయారవుతాయో కొంచెం చూద్దాం. 1990లో విండోస్‌తో పాటు వచ్చిన సాలిటేర్ పేకాటను రాసింది మైక్రోసాఫ్టులో ఇంటర్న్‌గా చేరిన వెస్ చెర్రీ అనే కుర్రాడు. ప్రపంచంలో ఎన్ని ఆఫీసుల్లో ఎన్ని మధ్యాహ్నాలు ఆ ఆటతో గడిచాయో లెక్కలేదు. అతనికి రాయల్టీ కింద ఒక్క పైసా రాలేదు. నోకియా ఫోన్లలో 1997లో వచ్చిన పాము ఆట ఫిన్లండులో టానెలి అర్మాంటో అనే ఉద్యోగి చేసింది. అదే ఫిన్లండులో రోవియో అనే కంపెనీ 51 ఆటలు చేసి దివాలా అంచుకు చేరింది. 2009 డిసెంబరులో వచ్చిన యాంగ్రీ బర్డ్స్ దాని 52వ ఆట. మనకు కనిపించేది ఆ యాభై రెండోది మాత్రమే. క్యాండీ క్రష్‌ను కింగ్ అనే కంపెనీ 2011లో ముందు తన సైట్లో చిన్న ఆటగా పెట్టి చూసింది. జనం ఆగి ఆడుతున్నారని తేలాక 2012లో ఫేస్‌బుక్‌కు, ఆ ఏడాది చివర ఫోన్లకు తెచ్చింది. 2016 నాటికి ఆ కంపెనీ 590 కోట్ల డాలర్లకు చేతులు మారింది.

వియత్నాంలోని హనోయిలో డాంగ్ ఎన్గుయెన్ అనే యువకుడు ఒక్కడే కూర్చుని ఫ్లాపీ బర్డ్ చేశాడు. 2013 మేలో పెడితే నెలల తరబడి ఎవరూ చూడలేదు. 2014 జనవరిలో ప్రపంచమంతా దాని మీద పడింది. ప్రకటనల మీద రోజుకు 50 వేల డాలర్లు వస్తున్నాయని వార్తలు వచ్చాయి. జనం దానికి బానిసలవుతున్నారని అతను ఫిబ్రవరిలో తనంతట తానే ఆటను తీసేశాడు. వచ్చే డబ్బు కాదనుకుని ఆట తీసేసినవాళ్ళు ఈ వ్యాపారంలో ఎంతమంది ఉంటారు?

ఇప్పుడు పద్ధతి ఇంకా ముదిరింది. ముందు ఆట చేసి తర్వాత ఆడేవాళ్ళ కోసం వెతకరు. ఒక చిన్న నమూనా చేస్తారు. రెండు మూడు వారాల పని. దాని మీద ఒక ప్రకటన తీసి జనం ఫోన్లలోకి వదులుతారు. ఎంతమంది నొక్కారు, ఒక్కొక్కరిని పట్టుకురావడానికి ఎంత ఖర్చయింది, ఇవాళ దింపుకున్నవాళ్ళలో రేపెంతమంది మళ్ళీ తెరిచారు. ఈ లెక్క బాగుంటే ఆట బతుకుతుంది. బాగాలేకపోతే అక్కడే చస్తుంది. గెలిపించీ గెలిపించకుండా ఎక్కడ ఆపాలో, 'అయ్యో, ఇంకొక్క అడుగే' అని ఎప్పుడనిపించాలో కూడా లెక్కేసి పెడతారు. అక్కడే ఒక మీట వెలుగుతుంది. డబ్బు కట్టు, లేదంటే ముప్ఫై సెకండ్లు ప్రకటన చూడు. డబ్బు కట్టేవాళ్ళు నూటికి అతి కొద్దిమంది. మిగిలినవాళ్ళు కళ్ళతో కడతారు.

ఇక్కడే మా ఖాలా చాట దగ్గరికి మళ్ళీ రావాలి. బీడీలకు కూలి వెయ్యికింత. వెయ్యి చుడితేనే లెక్క. బాగాలేవని కార్ఖానాలో పక్కన పడేసినవి పోగా మిగిలినవాటికే కూలి. ప్రకటనలకు కూడా ధర వెయ్యికింతే. వెయ్యిసార్లు కళ్ళముందు మెరిస్తే ఇంత అని. అమెరికాలో చూసే వెయ్యి కళ్ళకు ఒక ధర, కోరుట్లలో చూసే వెయ్యి కళ్ళకు అంతకన్నా చాలా తక్కువ ధర. ఖాలా చేతులు వెయ్యి లెక్కన ఒక సేఠ్‌కు పోతున్నాయి. ఖాలా కళ్ళు వెయ్యి లెక్కన ఇంకో సేఠ్‌కు పోతున్నాయి. మొదటి సేఠ్ కనీసం కూలి ఇస్తాడు, పుస్తకంలో ఆమె పేరు రాసుకుంటాడు. రెండో సేఠ్ దగ్గర ఆమెకు పేరు లేదు. ఆమె ఒక అంకె.

ఇదంతా చెప్పి ఫోన్లు పారేయమని నేననను. 2020 లాక్‌డౌన్‌లో ఏం జరిగిందో నేను చూశాను. ఖాలా పెద్దకొడుకు దుబాయిలో క్యాంపు గదిలో ఇరుక్కుపోయాడు. పని లేదు, విమానం లేదు. అక్కడ వాట్సాప్ కాల్ నడవదు. రోజూ రాత్రి తరావీహ్ నమాజు ఇంట్లోనే అయ్యాక, కోరుట్ల నుంచి ఒక గది నంబరు పంపేవాళ్ళు. అమ్మ, భార్య, చెల్లెలు ఇక్కడ. కొడుకు అక్కడ. నాలుగు రంగులు, నలుగురు మనుషులు. "నా గోటీని కొట్టిండు చూడు, దుబాయి పోయినా బుద్ధి రాలె" అని ఖాలా తిట్టేది. కొడుకు బతికున్నాడనడానికి, బాగున్నాడనడానికి అతని పాచిక దొర్లడమే కబురు. ఆ ఆటను మా ఇంటికి ఏ ప్రకటనా తేలేదు. చుట్టరికం తెచ్చింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి గల్ఫ్ పోయిన ప్రతి ఇంటికీ ఇట్లాంటి కథ ఒకటి ఉంటుంది. హిందువుల ఇల్లయినా, ముస్లింల ఇల్లయినా. ఆటకు జనం దొరికింది ఆ తీగల్లోనే. కంపెనీ పుస్తకాల్లో అది 'ఖర్చు లేకుండా వచ్చిన ఆటగాళ్ళు' అని జమపడుతుంది. ఖర్చు లేకుండానా? ఆ ఖర్చు ఎవరు పెట్టారో మాకు తెలుసు.

అదే ఏడాది ఇంకొకటి జరిగింది. మార్చిలో కరీంనగర్ వచ్చిన ఇండోనేషియా ధర్మప్రచారకులకు కరోనా ఉన్నట్టు తేలింది. తర్వాత ఢిల్లీ మర్కజ్ వార్తలు. రోగానికి మతం అంటగట్టారు. టీవీ పెడితే మేమే, ఫోన్ తెరిస్తే మేమే. జగిత్యాల ఖిల్లా పక్కన ఉండే మా అక్క కొడుకు అప్పుడు తొమ్మిదో తరగతి. ముక్కూమొహం తెలియనివాళ్ళతో ఫోన్లో ఏదో బోర్డు ఆట ఆడుతున్నాడు. గెలిచే ఆట. అవతలివాడు వీడి పేరు చూసి, 'కరోనా' అని ఒక్క మాట రాసి మధ్యలో వెళ్ళిపోయాడు. మరునాడు చూస్తే ఆటలో వీడి పేరు 'రాహుల్'.

"ఎందుకురా?" అన్నాను.

"మామూ, ఆట అన్న పూర్తయితది" అన్నాడు.

ఆ ఆగస్టులో ఔరంగాబాదులోని బొంబాయి హైకోర్టు బెంచి, తబ్లీగ్‌కు వచ్చిన విదేశీయులను బలిపశువులను చేశారని చెప్పి వాళ్ళ మీది కేసులు కొట్టేసింది. తీర్పు వచ్చింది. మా పిల్లవాడు మాత్రం ఆటలో తన పేరు మళ్ళీ పెట్టుకోలేదు. ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. ఇప్పటికీ రాహులే. ఇల్లు కిరాయికి దొరకడానికి పేరు దాచుకున్నవాళ్ళను చూశాం. ఆటలో రెండు నిమిషాల తోడు దొరకడానికి కూడా పేరు దాచుకోవాల్సి వస్తే, దాన్ని కాలక్షేపం అని ఎట్లా అందాం?

మిఠాయి ముక్కలకు, రంగు బుడగలకు మతం లేదు కదా అంటారు. నిజమే, క్యాండీకి ఖత్నా లేదు. కానీ ముఖాలున్న ఆటలు కూడా చూడండి. 2009లో సోనీ వాళ్ళ ప్లేస్టేషన్ 2 కోసం మన హైదరాబాదులోనే ఆరోనా టెక్నాలజీస్ 'హనుమాన్: బాయ్ వారియర్' తయారుచేసింది. 2017లో బెంగుళూరు మూన్‌ఫ్రాగ్ కంపెనీ ఫోన్లలోకి 'బాహుబలి' ఆట తెచ్చింది. హనుమంతుడు ఆటలో ఉండడం మీద నాకు పేచీ లేదు. కొండగట్టు అంజన్న మా జిల్లాలోనే ఉన్నాడు. గుట్టకు భక్తులను మోసే ఆటోల్లో మావాళ్ళవీ ఉన్నాయి. నా ప్రశ్న వేరే. అదే హైదరాబాదులో ప్రతి కంపెనీ బ్రోచరు మీద చార్మినారు బొమ్మ ఉంటుంది. చార్మినారు నీడలో బతికే మనిషి ఏ ఆటలో ఉన్నాడు? దక్కనీలో మాట్లాడే ఆట ఒక్కటి నేనింతవరకు చూడలేదు. మేం కనిపించే ఆటలు లేకపోలేదు. తుపాకి గురి ముందు కనిపిస్తాం. 2009లో వచ్చిన 'కాల్ ఆఫ్ డ్యూటీ'లో కరాచీ వీధులున్నాయి. గోడల మీద రాతలు మాత్రం ఉర్దూలో కాక అరబ్బీలో ఉన్నాయి. కాల్చడానికి పనికొచ్చే ఊరికి ఏ భాషైతేనేం అనుకున్నారేమో.

సిరిసిల్ల సంగతి ఇంకో తీరు. మరమగ్గం షెడ్డులో రాత్రి డ్యూటీ చేసే కార్మికుడికి పోగు తెగినప్పుడే పని, లేనప్పుడు కాపలా. ఆ సందులో ఫోన్. మొదట క్యారమ్స్, తర్వాత పైసలతో రమ్మీ. ఒక ఆటలోని ప్రకటన ఇంకో ఆటకు దారి చూపిస్తుంది. వచ్చిన కూలి వచ్చినట్టే పోయినవాళ్ళు ఉన్నారు. తెలంగాణ ప్రభుత్వం 2017లో ఆర్డినెన్సు తెచ్చి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీని కూడా జూదం కింద చేర్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటా ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. మంచిదే. అయితే చట్టం డబ్బు పందెాన్ని చూసింది. కాలాన్ని, కంటిని, పేరును పందెంగా ఒడ్డించే ఆటను చూడలేదు. అది చూడాల్సింది మనమే.

మరి మన ఇళ్ళలో? పాచిక ఉన్న ఆట తప్పని కొందరు మౌల్వీసాబులు చెప్తారు. "పందెం లేదు, గిందెం లేదు, కొడుకు మొహం చూసినట్టుంటది, అదీ తప్పేనా?" అంటుంది ఖాలా. ఆమెకు జవాబు చెప్పినవాళ్ళు లేరు. కొడుకు చేతిలో ఫోనుంటే ఆట అంటాం, కోడలు చేతిలో ఉంటే అనుమానం అంటాం. ముందు ఈ లెక్క సరిచేసుకోకుండా కంపెనీల లెక్కలు అడిగే అర్హత మనకు రాదు.

పోయినేడు సిరిసిల్లలో ఒక కుర్రవాడు కలిశాడు. తండ్రి మరమగ్గం కార్మికుడు, తల్లి బీడీలు చేస్తుంది. కంప్యూటర్ కోర్సు చదువుతూ తనంతట తాను ఒక ఆట చేశాడు. పచ్చీసే. పాచిక కాదు, ఆరు గవ్వలు. గవ్వల చప్పుడు వాళ్ళ దాదీ చేత వేయించి రికార్డు చేశాడు. ఈ కాలంలో ఆట చేసే సాఫ్ట్‌వేరు ఊరికే దొరుకుతుంది. గూగుల్ దుకాణంలో పెట్టుకోవడానికి ఒక్కసారి 25 డాలర్లు కట్టాలి. అయితే 2023 నవంబరు నుంచి కొత్తగా సొంత ఖాతా తెరిచినవాళ్ళు ముందు 20 మందితో 14 రోజులు పరీక్షింపజేయాలన్నారు. తర్వాత ఆ 20ని 12కు తగ్గించారు. వీడికి పన్నెండు మంది దొరకడం కష్టం కాలేదు. ఖాలాలు, ఫూఫీలు, కజిన్లు వరసకట్టారు. దుకాణంలోకి ఎక్కింది. అక్కడ ఆగిపోయింది. ఆ పన్నెండు మంది, వాళ్ళ చుట్టాలు తప్ప దాన్ని ఎవరూ దింపుకోలేదు. లక్షల ఆటల మధ్య కనిపించాలంటే ప్రకటన కొనాలి. మరమగ్గం కూలి కొడుకు ఎక్కడి నుంచి కొంటాడు?

నేను ఆ ఆట ఆడి చూశాను. గవ్వల చప్పుడు వింటే మా నానీ గుర్తొచ్చింది. కానీ తెర మీద రాజస్థాన్ రాజమహలు బొమ్మ ఉంది. పేరు ఇంగ్లీషులో ఉంది. మాటలు లేవు. "అరే, చాట ఏది? మన వాకిలేది? మన మాటేది?" అని అడిగాను.

"అట్ల పెడితే మనోళ్ళు తప్ప ఎవరాడుతరు భాయ్?" అన్నాడు.

ఈ ఒక్క మాటలో మన కథంతా ఉంది. రాహుల్ అని పేరు మార్చుకున్న మా మేనల్లుడు, రాజమహలు బొమ్మ పెట్టుకున్న ఈ కుర్రవాడు ఒకటే భయంతో బతుకుతున్నారు. మనలాగా కనిపిస్తే ఎవరూ మనతో ఆడరని. నేనతనికి చెప్పింది ఇది. మనోళ్ళు తక్కువా? ఈ మూడు ఊళ్ళలో బీడీలు చుట్టే ఆడవాళ్ళందరూ మనోళ్ళే. అష్టాచెమ్మా ఆడే పద్మశాలి, మాదిగ, మంగలి ఆడవాళ్ళు కూడా మనోళ్ళే. దుబాయి, మస్కట్, రియాద్ గదుల్లో ఉన్నవాళ్ళు మనోళ్ళే. ఇంగ్లండువాడు గవ్వలు తీసేసి ప్రపంచానికి అమ్మాడు. నువ్వు గవ్వలు తిరిగి పెట్టావు. ఇంకో అడుగు వేసి చాట కూడా పెట్టు. దారి ప్రకటనల్లో లేదు. కోరుట్ల నుంచి దుబాయికి గది నంబరు ఎట్లా పోయిందో, నీ ఆట అట్లాగే పోవాలి. రచయితలు రాయాలి, బీడీ కార్మికుల సంఘాలు ఆడించాలి, మసీదు బయట, బడి వాకిట్లో ఒకరి ఫోన్ నుంచి ఒకరి ఫోన్‌కు ఎక్కాలి.

ఆ ఆటను కోరుట్ల తీసుకుపోయి ఖాలాకు ఇచ్చాను. డబ్బాకు ఆనించి పెట్టుకుని అరగంట ఆడింది. పచ్చీస్ పడింది. ఆట వంతు పక్కకు పోయింది. ఖాలా చేయి ఆగింది.

"పచ్చీస్ పడితే ఇంకోసారి వెయ్యాలె గదా. నా పందెం నాకియ్యకుండ ఎట్ల పోతది? ఆ పోరనికి చెప్పు" అంది.

చెప్పాను. ఆ రాత్రే సరిచేసి పంపాడు. దాంతోపాటు ఇంకొకటి అడిగాడు. ఖాలా ఆడుతూ తిట్టే తిట్లు రికార్డు చేసి పంపగలవా భాయ్ అని.